కూయించకుండానే పరీక్షించండి

పాత సైరన్ ఒకటి మీ చేతికొచ్చింది. రాణీగంజ్‌లో పాత మోటార్ల కొట్టులో దొరికిందో, మూతపడ్డ రైసుమిల్లు సామాను అమ్ముతుంటే కొన్నారో, అడవిపందుల బెడదకి చేలో కడదామని మీ పెదనాన్నగారు తెప్పించారో! ఏదైతేనేం, ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టగానే చెయ్యి తిన్నగా ప్లగ్గు దగ్గరికే పోతుంది. ఒక్కసారి కూయించి చూస్తే పనిచేస్తుందో లేదో తేలిపోతుంది కదా అనిపిస్తుంది.

తేలదు. కూసిందంటే ఈ పూటకి కూసిందని మాత్రమే అర్థం. బేరింగు ఇంకెన్నాళ్లు ఆగుతుంది, వైండింగులో చెమ్మ చేరిందా, బాడీకి కరెంటు పాకుతోందా అన్న అసలు ప్రశ్నలకి ఆ కూతలో జవాబు ఉండదు. గుండెలదిరేలా కూసే సైరనే మరుక్షణం ముట్టుకున్నవాడికి షాక్ కొట్టొచ్చు. ఇంట్లో సైరన్ గురించి తెలుసుకోవలసిన వాటిలో చాలా భాగం అది నోరు తెరవకముందే తెలుస్తుంది. కూత ఆఖరి పరీక్ష. సమాచారం దృష్ట్యా చూస్తే అన్నిటికన్నా చిన్న పరీక్ష కూడా.

కాబట్టి ముందు మిమ్మల్ని మీరే ఒక మాట అడగండి: నాకు కావలసింది పరీక్షా, సరదానా? సరదా తప్పని నేననను. పాత యంత్రం గొంతు విప్పితే వినాలని ఎవరికుండదు! కానీ సరదాకి పరీక్ష అని పేరుపెట్టుకున్నప్పుడే ఇరుగుపొరుగుతో పేచీలు మొదలవుతాయి. ‘టెస్టు చేస్తున్నానండీ’ అన్న మాట పక్కింటి పిన్నిగారికి సమాధానం కాదు. ఆవిడ పాలగిన్నె అప్పటికే కిందపడింది.

పైగా సైరన్ అంటే ఒట్టి చప్పుడు కాదు, జనానికి దానితో ముడిపడిన అర్థాలున్నాయి. ఏటా జనవరి 30న ఉదయం 11 గంటలకు అమరవీరుల స్మృతిలో మౌనం పాటించమని చెప్పేది సైరనే. సింగరేణి ఊళ్లలో గనుల షిఫ్టులు దాని మీదే నడిచాయి, వేళకాని వేళ కూస్తే కార్మికుల ఇళ్లలో గుండెలు ఆగేవి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాన్ విమానాలు బాంబులు వేసిన తరవాత మన తీరంలో ఆ కూతకి భయం తోడైంది. 2025 మే 7న దేశమంతటా పౌర రక్షణ మాక్ డ్రిల్ జరిగినప్పుడు హైదరాబాదులోనూ విశాఖలోనూ సైరన్లు మోగాయి. ఆ నెలలోనే టీవీ ఛానెళ్లు తమ కార్యక్రమాల్లో ఆ సైరన్ శబ్దాన్ని వాడొద్దని కేంద్రం సూచించింది. టీవీలో వినిపిస్తేనే వద్దన్నారంటే, మీ డాబా మీంచి నిజం సైరన్ కూస్తే వీధి ఏమనుకుంటుందో ఆలోచించండి.

ఇక పనిలోకి దిగుదాం. కూయించకుండా పరీక్షించాలంటే అది ఎలా కూస్తుందో తెలియాలి.

మెకానికల్ సైరన్‌లో స్పీకరు ఉండదు. మోటారు ఇరుసుకి రెక్కలున్న చక్రం ఒకటి బిగించి ఉంటుంది. దాని చుట్టూ కదలని డ్రమ్ము. చక్రం అంచుకీ డ్రమ్ముకీ వరసగా కిటికీలు. చక్రం తిరిగితే మధ్యలోంచి గాలిని లాక్కుని అంచులకు విసురుతుంది. కిటికీకి కిటికీ ఎదురైనప్పుడు గాలి బయటికి తన్నుకొస్తుంది, గోడ ఎదురైనప్పుడు ఆగిపోతుంది. సెకనుకి కొన్ని వందలసార్లు ఇలా తెగి తెగి వచ్చే గాలే మనం వినే కూత. కిటికీల సంఖ్యని సెకనుకి తిరిగే చుట్లతో గుణిస్తే శబ్దపు ఫ్రీక్వెన్సీ వస్తుంది. 12 కిటికీలున్న చక్రం నిమిషానికి 2,850 చుట్లు తిరుగుతుంటే సెకనుకి 47.5 చుట్లు, అంటే 570 హెర్ట్‌జ్. 1819లో ఫ్రాన్స్‌లో కాన్యార్ ద లా తూర్ చేసిన సైరన్ ఊరిని హెచ్చరించడానికి కాదు, ఈ లెక్కతో స్వరాల కంపనాలను కొలవడానికే పనికొచ్చింది. మనం దాన్ని తిరగేసి, స్వరాన్ని బట్టి వేగం కనుక్కుంటాం. ఆ సంగతి తరవాత.

ఇందులోంచి మనకి కావలసిన విషయం ఒక్కటే. చప్పుడు గాలిది, మోటారుది కాదు. గాలిని తప్పిస్తే మోటారుని నిశ్శబ్దంగా పరీక్షించవచ్చు. వేగం తగ్గిస్తే గాలి చప్పుడూ తగ్గుతుంది, అదీ మామూలుగా కాదు. పెద్ద ఫ్యాన్ల విషయంలో ఇంజనీర్లు వాడే లెక్క ప్రకారం వేగం సగమైతే మోత సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. సైరన్ కూడా గాలిని విసిరే ఫ్యానే కనుక ధోరణి అదే.

మొదటి గంట పనంతా ప్లగ్గు పెట్టకుండానే. తొందరపడే మనిషికి ఇదే విసుగు, నా దృష్టిలో ఇదే అసలు పరీక్ష. టార్చిలైటు వేసి కిటికీల్లోంచి లోపలికి చూడండి. ఏళ్ల తరబడి మూల పడ్డ సైరన్‌లో కందిరీగల మట్టిగూడు, ఎలుకలు చేర్చిన పీచు, తుప్పు పెచ్చులు ఉండటం మామూలు. అవి ఉండగా చక్రం నిండు వేగంతో తిరిగితే పెచ్చు బుల్లెట్‌లా బయటికొస్తుంది. అన్నీ బ్రష్షుతో దులిపేశాక చక్రాన్ని చేత్తో మెల్లగా ఒక పూర్తి చుట్టు తిప్పండి. ఎక్కడైనా గీసుకుంటోందా? చక్రానికీ డ్రమ్ముకీ మధ్య సందు చాలా సన్నం, ఆ సందు ఎంత సన్నగా ఉంటే కూత అంత గట్టిగా వస్తుంది. ఒకే చోట గీసుకుంటే ఇరుసు వంగిందనో డ్రమ్ము నొక్కుకుపోయిందనో అనుకోవాలి. చుట్టంతా బరువుగా ఉంటే గ్రీజు గట్టిపడింది. ఇరుసు పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడండి. కటకటమంటే బేరింగు అరిగింది, మార్చేదాకా ముందుకు వెళ్లొద్దు.

తరవాత చక్రాన్ని ఒక్క తోపు తోసి వదిలేసి వినండి. పెద్ద స్క్రూడ్రైవరు కొనని బేరింగు గూడు మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకోవడం మెకానిక్కులు తరతరాలుగా చేసే పని. మంచి బేరింగు సన్నగా సుయ్యిమంటుంది, పోయింది గరగరలాడుతుంది. ఇది చేత్తో తిప్పినప్పుడు మాత్రమే. కరెంటు మీద తిరిగే సైరన్‌కి చెవి ఆనించడం చెవిని పోగొట్టుకోవడమే.

ఇప్పుడు మెగ్గర్, అంటే ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు. ఇది లేనివాళ్లు దగ్గర్లోని వైండింగ్ షాపుకి తీసుకెళ్లండి, నిమిషంలో చూసి చెబుతారు. 500 వోల్టుల మెగ్గర్‌తో వైండింగుకీ బాడీకీ మధ్య చూస్తే ఒక మెగాఓమ్ కన్నా తక్కువ వచ్చిందంటే ఆ మోటారుకి కరెంటు ఇవ్వకూడదు. వానాకాలం గోదాములో ఉన్న మోటార్లలో చాలావాటికి జబ్బు చెమ్మే. పెట్టెలో పెట్టి పక్కన ఫిలమెంటు బల్బు వెలిగించి ఓ రాత్రీ పగలూ వెచ్చగా ఉంచితే రీడింగు పైకి లేస్తుంది. లేవకపోతే రీవైండింగే గతి. సింగిల్ ఫేజ్ మోటారైతే కండెన్సర్ ఉండొచ్చు, ఉంటే ముట్టుకునే ముందు దాన్ని డిశ్చార్జ్ చేయడం మరవకండి. కార్బన్ బ్రష్షులుంటే వాటి పొడవు, స్ప్రింగు బలం చూడండి. ఎర్త్ వైరు ఉందా, ఉన్నది నిజంగా బాడీకి తగిలి ఉందా అన్నది మల్టీమీటరు చెబుతుంది.

కరెంటు ఇచ్చే ముందు తెలుసుకోవలసిన అతి ముఖ్యమైన సంగతి: అది ఏ జాతి మోటారు? చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు.

బ్రష్షులున్న మోటార్లు ఒక జాతి. చిన్న 230 వోల్టుల సైరన్లలో, వాహనాలకి కట్టే 12 వోల్టుల సైరన్లలో సాధారణంగా ఇవే ఉంటాయి. వీటి వేగం వోల్టేజిని బట్టి మారుతుంది కాబట్టి మన పనికి వీలైనవి. 12 వోల్టుల సైరన్‌కి బెంచ్ సప్లై నుంచి 3, 4 వోల్టులు ఇచ్చారంటే అది బద్ధకంగా గుర్రుమంటూ తిరుగుతుంది తప్ప కూయదు. 230 వోల్టులదైతే ఎలక్ట్రీషియన్ల సిరీస్ బోర్డు చాలు. 100 లేదా 200 వాట్ల ఫిలమెంటు బల్బు గుండా కరెంటు పోతుంది కనుక మోటారుకి దక్కేది కొంచెమే. వైండింగ్ షార్టయి ఉంటే బల్బు నిండుగా వెలిగి ఊరుకుంటుంది, ఫ్యూజు కొట్టేయదు. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. డిమ్మర్‌స్టాట్ ఉన్నవాళ్లకి ఇంకా సుఖం, వోల్టేజిని సున్నా నుంచి మెల్లగా పెంచుకోవచ్చు. అయితే ఈ జాతిలో ఒక పాడు గుణం ఉంది. వీటిలో చాలావాటికి లోడు లేకపోతే వేగానికి పగ్గం ఉండదు. చప్పుడు రాకూడదని చక్రం ఊడదీసి నిండు వోల్టేజి ఇచ్చారంటే ఆర్మేచర్ చుట్టలు ఎగిరిపోయేదాకా పరుగెత్తవచ్చు. చక్రం తీసినా తియ్యకపోయినా వీటికి తక్కువ వోల్టేజే ఇవ్వండి.

రెండో జాతి ఇండక్షన్ మోటార్లు. మిల్లులకీ ఫ్యాక్టరీలకీ వాడే పెద్ద సైరన్లలో ఉండేవి, సింగిల్ ఫేజో త్రీఫేజో. వీటి తీరు సరిగ్గా తలకిందులు. చక్రం ఊడదీసి నిండు వోల్టేజి మీద తిప్పినా హద్దు దాటవు, ఎందుకంటే వేగాన్ని కరెంటు ఫ్రీక్వెన్సీ కట్టేసి ఉంచుతుంది. ఇంట్లో పరీక్షకి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. నాలుగు బోల్టులు విప్పి చక్రం పక్కన పెట్టి మోటారుని పది నిమిషాలు తిరగనివ్వండి, మామూలు నీళ్ల మోటారు పాటి చప్పుడు కూడా ఉండదు. వేడెక్కుతోందా, వణుకుతోందా, కాలిన వాసన వస్తోందా, క్లాంప్ మీటరు ఎంత కరెంటు చూపిస్తోంది, అన్నీ తీరిగ్గా గమనించవచ్చు. కానీ వీటికి డిమ్మర్‌స్టాట్ పెట్టి వేగం తగ్గిద్దామనుకోకండి. వోల్టేజి చాలక లేవలేక హమ్మని మూలుగుతూ స్టార్టింగు వైండింగు మాడిపోతుంది.

చక్రం మళ్లీ బిగించాక వచ్చేదే చిన్న గుర్రు పరీక్ష. అమెరికాలో కొన్ని ఊళ్లలో తరచూ చేసే పరీక్షకి సైరన్‌ని పూర్తిగా కూయించరు. క్షణంపాటు స్విచ్ వేసి తీసేస్తారు. చక్రం కొద్దిగా తిరిగి, లోగొంతుకతో గుర్రుమని ఆగిపోతుంది. మోటారు లేచింది, చక్రం తిరిగింది, గాలి వచ్చింది, అన్నీ తెలిసిపోయాయి. మనమూ అదే చేద్దాం. సైరన్‌ని ముందు బరువైన చెక్కకి బోల్టులతో బిగించండి, లేచేటప్పటి కుదుపుకి బల్ల మీంచి దొర్లిపడుతుంది. అడుగున రబ్బరు మ్యాటు వేస్తే అదురు స్లాబులోకి దిగదు. అపార్టుమెంటులో కింది వాటావాళ్లని ముందుగా లేపేది ఆ అదురే. స్విచ్ వేయండి, ‘ఒకటి’ అనేలోగా తీసేయండి.

ఇక్కడొక జాగ్రత్త. పూర్తిగా ఆగేవరకు మళ్లీ స్విచ్ ముట్టుకోవద్దు. వేసి తీసి, వేసి తీసి చేస్తే స్వరం లేస్తూ పడుతూ ఉంటుంది. పౌర రక్షణ భాషలో హెచ్చరిక అంటే అదే. ఒకే స్థాయిలో సాగే కూత ప్రమాదం తప్పిందని చెప్పేది. సరదాకి రాగం తీయబోయి ఊరికి దాడి కబురు పంపినవాళ్లవుతారు.

గుర్రుమంటున్నప్పుడు ఫోన్‌లో వీణ, గిటారు శ్రుతి చేసుకునే ట్యూనర్ యాప్ తెరిచి పక్కన పెట్టండి. తక్కువ వోల్టేజి మీద నిలకడగా తిరిగే బ్రష్షుల మోటారుకి ఇది బాగా పనిచేస్తుంది. 12 కిటికీల చక్రం 120 హెర్ట్‌జ్ చూపిస్తోందంటే సెకనుకి 10 చుట్లు, నిమిషానికి 600. వేగం కొలిచే పరికరం కొనక్కర్లేదు. అదే వోల్టేజికి వారం తరవాత 90 చూపించిందంటే ఎక్కడో బరువు పడింది, గ్రీజు చూసుకోవాలి. స్విచ్ తీశాక ఆగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కూడా చూడండి. మెల్లగా, తీరుబడిగా ఆగితే మంచిది. ఉన్నట్టుండి చతికిలపడితే మంచిది కాదు.

నోరు మూసి తిప్పొచ్చా అని అడుగుతారు. అంటే గాలి లాక్కునే వైపు పలక బిగించడం. మూస్తే గాలి పారదు, కనుక మోత బాగా తగ్గుతుంది. కానీ వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టానికి అరచెయ్యి అడ్డం పెడితే మోటారు గొంతు పెంచుతుంది చూడండి, ఇక్కడా అంతే. గాలి మోసే పని తప్పాక మోటారు తేలికై వేగం పెంచుకుంటుంది. ఇండక్షన్ మోటారుకి పర్వాలేదు, బ్రష్షుల మోటారుకి నిండు వోల్టేజి మీద ప్రమాదం. పలకని స్క్రూలతో బిగించాలి. చేత్తో పట్టుకోవడం, టేపు అంటించడం పనికిరావు. ఊడిన టేపు ముక్క లోపలికి పోయి ఆ సన్నటి సందులో ఇరుక్కుంటుంది, మీ వేళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. చల్లగాలి ఆడదు కనుక కొద్ది సెకన్లకు మించి తిప్పొద్దు.

బొంతలు చుట్టడం మాత్రం వద్దు. మెత్తటి గుడ్డ కీచుమనే చప్పుడుని కొంత పీల్చుకుంటుంది గానీ ఆపలేదు. చప్పుడుని ఆపేది బరువు. దూది పోగు లోపలికి లాగేసుకోవడం ఇంకో తలనొప్పి. మందపాటి ప్లైవుడ్ పెట్టె చేసి లోపలి గోడలకి పరుపు ముక్కలు కొట్టి, సైరన్‌కి జానెడు దూరం ఉండేలా చూస్తే ఫలితం ఉంటుంది. అది కూడా గుర్రు పరీక్షకే. ఆ పెట్టెలో నిండు కూత పెట్టి పక్కింటికి వినపడదని అనుకోవడం పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమే.

చేత్తో తిప్పే సైరన్ అయితే ఇంత తతంగం లేదు. పిడి మెల్లగా తిప్పండి, పళ్ల చక్రాలు జారుతున్నాయేమో చూడండి. మీ చెయ్యే మీ డిమ్మర్‌స్టాట్.

ఇన్నీ అయ్యాక నిండు కూత ఒక్కసారి వినాల్సిందేనా? ఊరి అవసరానికో మిల్లుకో బిగించేదైతే వినాల్సిందే, ఇంట్లో కాదు. కొంచెం లెక్క చూడండి. మీటరు దూరంలో 110 డెసిబెల్స్ మోత చేసే చిన్న సైరన్ శబ్దం ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. 30 మీటర్ల దూరంలో ఉన్న ఇంటికి ఇంకా 80 చేరుతుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగటి హద్దు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45. ఆ 55కి దిగాలంటే అరకిలోమీటరు పైచిలుకు దూరం కావాలి. మన కాలనీల్లో అరకిలోమీటరు ఖాళీ ఎక్కడుంది? ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం కూడాను. గదిలోనైతే గోడలు తిప్పికొట్టడం వల్ల దూరం జరిగినా మోత తగ్గదు. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు తట్టుకునే చెవి ఓపిక, ప్రతి 3 డెసిబెల్స్‌కీ సగం చొప్పున తగ్గుతూ 100 దగ్గర పావుగంటకి దిగుతుంది. 110 దగ్గర మిగిలేది నిమిషన్నర.

ఊరి బయట పొలంలోకి పట్టుకెళ్లండి. పగటిపూట, పశువులు దగ్గర లేనప్పుడు. పంచాయతీకీ పోలీసు స్టేషనుకీ ముందురోజే ఒక మాట చెప్పి, చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని, పొడుగు వైరుతో దూరంగా నిలబడి స్విచ్ వేయండి. స్వరం పైకెక్కి నిలబడిన క్షణానే తీసేయండి. సైరన్ పరీక్షకి అసలు మర్యాద ముందే తెలియడం. నెదర్లాండ్స్‌లో ప్రతి నెలా మొదటి సోమవారం మధ్యాహ్నం 12కి, స్విట్జర్లాండ్‌లో ఫిబ్రవరి మొదటి బుధవారం సైరన్లు పరీక్షిస్తారు. దేశమంతా మోగినా ఎవరూ ఉలిక్కిపడరు, ఎందుకంటే ఆ రోజు అందరికీ తెలుసు. మీ కాలనీకి అగ్నిప్రమాద హెచ్చరికకి బిగించేదైతే మీరూ అలాగే ఒక రోజు, ఒక వేళ ఖాయం చేసి అసోసియేషన్ బోర్డు మీద రాయండి. వాహనానికి కట్టుకుందామన్న ఆలోచన ఉంటే మానుకోండి, అంబులెన్సు, ఫైరింజను, పోలీసు వంటి వాహనాలకే చట్టం ఆ వీలిచ్చింది.

ఇంటికి తెచ్చాక ప్లగ్గు ఊడదీసి బీరువాలో దాచండి, పిల్లల చేతికి అందే చోట వదలొద్దు. మెగ్గర్ రీడింగు, క్లాంప్ మీటరు చూపిన కరెంటు, ట్యూనర్‌లో వచ్చిన సంఖ్య, ఇచ్చిన వోల్టేజి, తేదీ ఒక కాగితం మీద రాసి సైరన్ అడుగున అంటించండి. వానాకాలం వెళ్లాక మళ్లీ పరీక్షించినప్పుడు పోల్చి చూసుకోవడానికి ఆ కాగితమే ఆధారం.